కారణం ఆమె, తిథి అతనిది

సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి చాలామందికి అది గోడ మీద వేలాడే క్యాలెండర్లో ఉంటుంది. ఎవరి జయంతి, ఎవరి వర్ధంతి, ఎవరి ఆరాధన అన్నది ఒకసారి అక్కడ అచ్చయిందంటే ఇక దాన్నెవరూ ప్రశ్నించరు. బడిలో ఫొటోకి దండ వేసేది ఆ రోజే. కాలేజీలో సభ పెట్టేది ఆ రోజే. పత్రిక ప్రత్యేక వ్యాసం వేసేది ఆ రోజే. తేదీ ఉన్న కవి ఏడాదికొకసారైనా నలుగురి నోట్లో నానుతాడు. తేదీ లేని కవయిత్రిని తలుచుకోవడానికి సందర్భమే ఉండదు. సందర్భం లేనివాళ్ళు సిలబస్‌లోకి రారు, సిలబస్‌లో లేనివాళ్ళ మీద పరిశోధన జరగదు. పరిశోధన జరగని వాళ్ళ గురించి 'ప్రామాణిక సమాచారం లేదు' అని మళ్ళీ మనమే రాస్తాం.

ఈ వలయాన్ని నేను మా పడమటి కర్నూలు నుంచి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నుంచి చూడదలుచుకున్నాను. పోలిక కోసం రోమ్‌ని తెచ్చుకుంటాను. ఎందుకు రోమ్? మన గోడ మీది నెలల పేర్లు అక్కడివే కాబట్టి. పైగా ఒక సమాజం తన పండుగలకీ, స్మారక దినాలకీ కారణాలు వెతుక్కుంటూ ఎలా తనని తాను నిర్మించుకుంటుందో ఎక్కువ చర్చ జరిగింది ఆ క్యాలెండర్ మీదే కాబట్టి.

ముందు మా రాయితో మొదలుపెడతాను. పత్తికొండ వైపు తుగ్గలి మండలంలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర బయటపడ్డాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ, వాటితో పాటు చిన్న శాసనాలూ ఒకే చోట ఉన్న అరుదైన స్థలం అది. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, నాగలి సాలు తిరిగినట్టు తిరుగుతాయి. చరిత్ర విద్యార్థులకి ఈ విశేషం చెబుతారు. తొమ్మిదో శాసనంలో ఏముందో మాత్రం సాధారణంగా చెప్పరు. జనం జబ్బు చేసినప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు, ప్రయాణాలప్పుడు రకరకాల మంగళ కార్యాలు చేస్తారనీ, ముఖ్యంగా ఆడవాళ్ళు చేసే వాటిలో చాలా మటుకు అల్పమైనవీ, పనికిమాలినవీ అనీ రాజు అంటాడు. ధర్మాచరణే అసలైన మంగళమని ముగిస్తాడు.

మా ప్రాంతంలో చదవడానికి మిగిలిన అతి పాత రాత ఇది. అందులో స్త్రీలు ఉన్నారు. వాళ్ళేం చేసేవాళ్ళో, ఏ రోజున చేసేవాళ్ళో, ఏం పాడేవాళ్ళో లేదు. చేసేదంతా అల్పం అన్న తీర్పు మాత్రం ఉంది. అశోకుడు తన కాలాన్ని తన పట్టాభిషేకం నుంచి లెక్క పెట్టుకున్నాడు. ఆ లెక్క రాయి మీద మిగిలింది. బిడ్డ పుట్టిన రోజునో, కోడలు పుట్టింటికి పోయే రోజునో కేంద్రం చేసుకున్న లెక్క మిగల్లేదు. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఉలి ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

ఇక రోమ్. రోమన్లు తమ క్యాలెండర్‌ని 'ఫాస్టి' అనేవాళ్ళు. గోడల మీద చిత్రించేవాళ్ళు, పాలరాతి మీద చెక్కించేవాళ్ళు. ఏ రోజు కోర్టులు పని చేస్తాయి, ఏ రోజు జనసభ జరగొచ్చు, ఏ రోజు దేవుళ్ళది అన్నది ఒక్కో అక్షరంతో గుర్తు పెట్టేవాళ్ళు. అగస్టస్ కాలం వచ్చేసరికి అందులో పాలకుడి కుటుంబానికి సంబంధించిన రోజులు ఒకదాని తర్వాత ఒకటి చేరాయి. ఓవిడ్ అనే కవి ఈ క్యాలెండర్ పేరుతోనే, దాని మీదే ఒక కావ్యం రాశాడు. ఒక్కో నెలకి ఒక్కో సర్గ. జనవరి నుంచి జూన్ దాకా ఆరే మనకి దొరుకుతున్నాయి. ప్రతి తేదీకీ 'ఇది ఎందుకు వచ్చింది?' అని అడిగి, కారణంగా ఒక కథ చెప్పడం ఆ కావ్యం పద్ధతి. 1987లో మేరీ బియర్డ్ ఒక వ్యాసంలో ఈ కథల గురించి ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఏప్రిల్ 21 రోమ్ పుట్టినరోజు. అది పాత రోజుల్లో గొర్రెల కాపరుల పండుగ. దానికి ఒకే ఒక అసలు అర్థాన్ని వెతకడం దండగ అంటుంది ఆమె. ఒకే రోజుకి ఎన్నో కారణాలు చెప్పుకుంటూ, తరం మారినప్పుడల్లా వాటిని మార్చుకుంటూ రోమన్లు 'మేం ఎవరం' అన్నది తేల్చుకున్నారని వాదిస్తుంది.

ఈ పరిశీలన నాకు చాలా ఉపయోగపడింది. అయితే దాన్ని స్త్రీల వైపు నుంచి ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోవాలి. ఫిబ్రవరి 24 తీసుకోండి. రోమన్ క్యాలెండర్లో ఆ రోజు పేరుకి అర్థం 'రాజు పలాయనం'. ఓవిడ్ ఆ రోజుకి చెప్పే కథ లుక్రీషియాది. రాజకుమారుడి చేతిలో అత్యాచారానికి గురై, తండ్రికీ భర్తకీ జరిగింది చెప్పి, కత్తితో పొడుచుకుని చనిపోయిన స్త్రీ. ఆ చావు చూపించి మగవాళ్ళు రాచరికాన్ని కూలదోశారని, రిపబ్లిక్ పుట్టిందని కథ. ఆ రోజు రావడానికి కారణం ఆమె. ఆ రోజు పేరు మాత్రం పారిపోయిన రాజుది!

ఈ సూత్రం చేతిలో పెట్టుకుని మా వైపు తిథుల్ని చదివితే ఏం కనిపిస్తుందో చూడండి.

ఆదోనికీ, ఎమ్మిగనూరుకీ దగ్గరలోనే తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం. 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేసిన రోజు శ్రావణ బహుళ విదియ. దాని చుట్టూ పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన అని మూడు రోజులు. ఆ రోజుల్లో మా వైపు బస్సుల్లో నిలబడ్డానికి చోటుండదు. స్వామి పూర్వాశ్రమంలో వెంకటనాథుడు. భార్య సరస్వతి, ఒక కొడుకు. తంజావూరులో ఆయన సన్యాసం తీసుకుంటున్నాడని తెలిసి ఆమె పరుగెత్తుకొచ్చిందనీ, దారిలో పాడుపడిన బావిలో పడి చనిపోయిందనీ, దయ్యమై ఆయన దగ్గరికి వస్తే ఆయన కమండలంలో నీళ్ళు చల్లి విముక్తి కలిగించాడనీ భక్తులు చెప్పుకుంటారు. చిన్నప్పటి నుంచీ ఈ కథని మేమంతా ఆయన కరుణకి ఉదాహరణగానే విన్నాం. సన్యాసం తీసుకునే ముందు భార్య అనుమతి అడగాలా వద్దా అన్న ప్రశ్న ఆ కథలోనే, ఆ బావిలోనే ఉంది. ఆయనకి మూడు తిథులున్నాయి. ఆమె చనిపోయింది ఆయన సన్యాసం పుచ్చుకున్న రోజే కదా! ఒకే రోజు. ఆ రోజు ఆయన పేరున గుర్తుంది. ఆమె పేరున లేదు.

ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు పిడకల సమరం జరుగుతుంది. ఊరు రెండు పక్షాలుగా విడిపోయి పిడకలతో కొట్టుకుంటుంది. కారణంగా చెప్పే కథలో వీరభద్రస్వామి భద్రకాళిని ప్రేమించి పెళ్ళికి జాప్యం చేస్తాడు. అమ్మవారి పక్షం వాళ్ళకి కోపం వచ్చి పిడకలతో కొడతారు. తర్వాత ఇద్దరికీ పెళ్ళి చేస్తారు. ఆదోని మండలం సంతేకుడ్లూరులో హోలీకి మగవాళ్ళు చీరలు కట్టి, నగలు పెట్టుకుని రతీ మన్మథుల్ని పూజిస్తారు. ఏటా ఆ ఫొటోలు పత్రికల్లో వస్తాయి. మగవాడు ఒక్కరోజు చీర కడితే అది వార్త! కైరుప్పల కథ మధ్యలో ఒక స్త్రీ పడ్డ అవమానం ఉంది. సంతేకుడ్లూరు ఆచారం మధ్యలో స్త్రీ రూపం ఉంది. ఆ రెండింటి గురించీ స్త్రీ చెప్పిన మాట మాత్రం ఏ నమోదులోనూ కనిపించదు. రోమ్‌లో కూడా ఇదే. మార్చి 1న ఇల్లాళ్ళకి భర్తలు కానుకలిచ్చే పండుగ, జూలై 7న బానిస స్త్రీల పండుగ ఉండేవి. స్త్రీలకి రోజులు లేకపోలేదు. ఆ రోజుల గురించి రాసినవాళ్ళంతా మగవాళ్ళు.

అయితే ఆదోనిలో ఒక మినహాయింపు ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడి, ఏటా జరిగే ఆమె రథోత్సవం. నిజమే. ఊరు ఊరంతా 'అవ్వ' అని పిలుచుకునే ఒక స్త్రీ కోసం రథం లాగే పట్నాలు మనకి ఎన్ని ఉన్నాయి? ఈ విషయాన్ని నేను తక్కువ చేయను. కానీ జాగ్రత్తగా చూస్తే స్త్రీకి తిథి దొరికే దారి ఏదో ఇక్కడే తెలుస్తుంది. ఆమె యోగిని కావాలి. సంసారానికీ, శరీరానికీ అవతలి గట్టున నిలబడాలి. అప్పుడు పంచాంగం ఆమెకి ఒక గడి ఇస్తుంది.

తరిగొండ వెంగమాంబకి దొరికింది కూడా ఆ దారిలోనే. ఆమె 1730లో పుట్టి 1817లో చనిపోయింది. బాల వితంతువు, శిరోముండనాన్ని ధిక్కరించిందని ప్రతీతి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె జయంతి, వర్ధంతి రెండూ జరుపుతుంది. తిరుమలలో లక్షల మంది అన్నం తినే భవనానికి ఆమె పేరే ఉంది. మంచిదే. మరి ఆ లక్షల మందిలో ఆమె ద్విపద భాగవతాన్నో, యక్షగానాలనో, రాజయోగసారాన్నో తెరిచినవాళ్ళు ఎంతమంది? భక్తురాలికి తిథి దొరికింది, కవయిత్రికి పాఠకులు దొరకలేదు.

దాదాపు అదే కాలంలో తంజావూరులో ముద్దుపళని ఉంది. దేవదాసి కుటుంబం. 'రాధికా సాంత్వనము' రాసింది. ఆమెకి జయంతి లేదు, వర్ధంతి లేదు. ఉన్న తేదీలన్నీ ఆమె పుస్తకానికి సంబంధించినవి, అవీ శిక్షల తేదీలు. వీరేశలింగం తన కవుల చరిత్రలో ఆమెని నీతి పేరుతో నిందించాడు. బెంగళూరు నాగరత్నమ్మ ఆ నిందకి జవాబు చెబుతూ, పూర్తి పాఠాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే కాలానికి గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ళ మళ్ళీ ముద్రించింది. నాగరత్నమ్మ చనిపోయింది కూడా ఆ 1952లోనే. సూసీ తారు, కె. లలిత 1991లో తెచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం ఈ కథతోనే మొదలవుతుందన్నది మనలో చాలామందికి తెలుసు.

ఆ నాగరత్నమ్మే ఒక తిథి కోసం కూడా పోరాడింది. పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన. తిరువయ్యారులో పాడుబడిపోతున్న ఆయన సమాధి దగ్గర 1920లలో సొంత డబ్బుతో గుడి కట్టించింది ఆమె. ఆరాధన జరిపే మగ విద్వాంసుల వర్గాలు మాత్రం స్త్రీలని పాడనివ్వలేదు. ఆమె 1920ల చివర స్త్రీలని కూడగట్టి వేరుగా ఆరాధన జరిపింది. 1940ల మొదట్లో వర్గాలన్నీ కలిశాకే స్త్రీలు కూడా ఆ వేదిక మీద పాడగలిగారు. గుడి ఆమెది, ఖర్చు ఆమెది, తిథి ఆయనది, పాడే హక్కు మొదట ఎవరిదో చెప్పక్కర్లేదు. తిథి అనేది గౌరవ చిహ్నం మాత్రమే కాదనీ, దాని మీద అధికారం ఒకటుంటుందనీ నాగరత్నమ్మకి మనందరికంటే ముందే అర్థమయింది.

ఆధునిక సాహిత్యంలోకి వచ్చినా ఇదే వరస. 2010లో తెలుగు కథకి వందేళ్ళని సభలు జరిగాయి. ఆ లెక్క 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' నుంచి. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆ కథ పేరే ఒక తిథి! గురజాడ గొప్పతనం మీద నాకు వివాదం లేదు. 'అది శిల్పం ఉన్న కథ, ఇది కథలాంటిది' అనే విమర్శకుల వాదన కూడా నాకు తెలుసు. శిల్పం ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించే చోట స్త్రీలు ఎప్పుడైనా కూర్చున్నారా అన్నదే నా ప్రశ్న. శతజయంతి జరిగిపోయాక ఇక వాదనకి చోటుండదు, దండలు పడిపోయాయి కదా.

మొల్ల విషయం ఇంకా ఆలోచించవలసింది. మార్చి 13న ఇప్పుడు మొల్ల జయంతి జరుపుతున్నారు. ఆ రోజున ఆమె విగ్రహానికి దండ వేసే కుమ్మరి సంఘాల ఆత్మగౌరవం నాకు చాలా విలువైనది. దాన్ని నేను ప్రశ్నించడం లేదు. వెయ్యేళ్ళ సాహిత్య చరిత్ర ఇవ్వని చోటుని వాళ్ళు పోరాడి తీసుకున్నారు. కానీ పరిశోధకులుగా మనం ఒక మాట ఒప్పుకోవాలి. మొల్ల తన రామాయణంలో తండ్రి పేరు చెప్పింది, గోపవరం చెప్పింది, తనకి శాస్త్ర పాండిత్యం లేదని చెప్పింది. పుట్టినరోజు చెప్పలేదు. ఆమె ఏ శతాబ్దానికి చెందినదన్న దాని మీదే పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మనం వాడుతున్న గ్రెగొరియన్ క్యాలెండర్ 1582లో గానీ పుట్టలేదు. గోపవరంలో ఎవరూ ఏ రోజునీ 'మార్చి 13' అని పిలిచి ఉండరు. ఆ రోజుని రోమన్లయితే మార్చి ఐడ్స్‌కి ముందు మూడో రోజు అనేవాళ్ళు. మగకవులకి కూడా ఇలాంటి కల్పిత తేదీలు బోలెడున్నాయి, నిజమే. తేడా ఏమిటంటే వాళ్ళకి తేదీతో పాటు వ్యాఖ్యానాలు, పరిష్కృత ముద్రణలు, పీఠాలు ఉన్నాయి. మొల్లకి తేదీ వచ్చింది. పాఠ పరిష్కరణల మీద, తాళపత్ర ప్రతుల మీద, ఆమె ఎంచుకున్న తేట తెలుగు వెనకున్న సాహిత్య నిర్ణయం మీద తగినంత పని ఇంకా రాలేదు. ఆమె సరళతని 'ఆడదాని అమాయకత్వం'గా చదవడం ఇప్పటికీ పోలేదు.

ఇక్కడ మళ్ళీ రోమ్ గుర్తొస్తుంది. లాటిన్‌లో మనకి మిగిలిన కవయిత్రి సల్పీషియా. ఆరే ఆరు చిన్న కవితలు, అవీ టిబులస్ అనే మగకవి పేరున్న సంపుటంలో కలిసిపోయి బతికాయి. 19వ శతాబ్దపు పండితులు ఆమె భాషని 'ఆడవాళ్ళ లాటిన్' అని పక్కన పెట్టారు. ఆ ఆరింటిలో రెండు పుట్టినరోజు గురించినవే. పుట్టినరోజున ఇష్టమైనవాడికి దూరంగా పల్లెకి తీసుకుపోతున్నారని చిరాకు ఒక దాంట్లో, ఆ ప్రయాణం ఆగిపోయిందన్న సంతోషం రెండో దాంట్లో. తన పుట్టినరోజు ఎక్కడ గడపాలో తను నిర్ణయించుకోలేని స్త్రీ ఆ రోజుని కవితగా మార్చుకుంది.

1985లో ఇంగ్లండ్ ఉత్తరాన విండోలాండా అనే రోమన్ సైనిక శిబిరం తవ్వకాల్లో ఒక పలుచటి చెక్క మీద ఉత్తరం దొరికింది. క్రీ.శ. 100 ప్రాంతంది. క్లాడియా సెవెరా అనే సైన్యాధికారి భార్య తన స్నేహితురాలు లెపిడినాని పుట్టినరోజుకి రమ్మని పిలిచిన ఉత్తరం. ఎక్కువ భాగం లేఖకుడు రాశాడు. చివర ఆమె సొంత చేతిరాతతో, 'నీకోసం చూస్తుంటాను' అన్న అర్థం వచ్చే ప్రేమ వాక్యాలు. స్త్రీ చేతిరాతలో దొరికిన అతి పాత లాటిన్ వాక్యాల్లో అవి ఒకటని పండితులు చెబుతారు. ఆమె చెప్పిన రోజు సెప్టెంబర్ ఐడ్స్‌కి ముందు మూడో రోజు. చక్రవర్తి పుట్టినరోజు పాలరాతి మీద ఉంటుంది, స్నేహితురాలి పుట్టినరోజు చెత్తకుప్పలోంచి బయటపడుతుంది. 'అల్పమైన మంగళ కార్యాలు' అని ఎర్రగుడి రాయి అన్నది బహుశా ఇలాంటి వాటినే. ఇవాళ విండోలాండాని ప్రపంచానికి గుర్తు చేసేది ఆ అల్ప విషయమే.

ఇక ప్రాచీన అధ్యయనాల సంగతి. 2008 అక్టోబర్ 31న తెలుగుకీ, కన్నడానికీ ప్రాచీన భాష హోదా వచ్చింది. దాని మీద మద్రాసు హైకోర్టులో నడిచిన కేసు 2016లో తేలింది. అధ్యయన కేంద్రం మొదట మైసూరులో నడిచి తర్వాత నెల్లూరుకి వచ్చింది. 2024లో ప్రాకృతానికి కూడా ఆ హోదా ఇచ్చారు. అంటే మా ఎర్రగుడి రాయి భాష కూడా ఇప్పుడు అధికారికంగా ప్రాచీన భాషే. హోదా కోసం పెట్టిన షరతుల్లో ఒకటి నన్ను ఎప్పుడూ ఆపుతుంది. ఆ భాష మాట్లాడేవాళ్ళు తరతరాలుగా విలువైన వారసత్వంగా భావించిన సాహిత్యం ఉండాలన్నది ఆ షరతు. ఏ తరం? ఎవరు భావించారు? 1911 తరం 'రాధికా సాంత్వనము'ని వారసత్వంగా భావించలేదు, నేరంగా భావించింది. కలమళ్ళ శాసనం వయసు చూపించి హోదా తెచ్చుకున్నాం, సంతోషం. హోదా వచ్చాక ఏం చదవాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

చదివేవాళ్ళ పరిస్థితి మనందరికీ తెలిసిందే. ఇంటర్‌లో మార్కుల కోసం పిల్లలు తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటారు, అదైనా సంస్కృతం మీద ప్రేమతో కాదు. డిగ్రీలో ప్రత్యేక తెలుగు చదివే పిల్లలు తగ్గిపోతున్నారు. బయట దేశాల్లోనూ ఇదే సంక్షోభం. 2021లో అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయం, నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన సంస్థ, తన క్లాసిక్స్ శాఖని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది ప్రిన్స్‌టన్ క్లాసిక్స్ డిగ్రీకి గ్రీకు, లాటిన్ తప్పనిసరి అన్న నియమాన్ని తీసేసింది. 'ప్రాచీనం చచ్చిపోతోంది' అని అక్కడా ఏడుపులు వినిపించాయి. కానీ అదే కాలంలో ప్రాచీనానికి కొత్త పాఠకుల్ని తెచ్చింది ఎవరు? శారా పామరాయ్ 1975లోనే గ్రీకు, రోమన్ స్త్రీల చరిత్ర రాసి ఒక దారి వేసింది. 2017లో ఎమిలీ విల్సన్ 'ఒడిస్సీ' మొత్తాన్ని ఇంగ్లీషులో ప్రచురించిన తొలి స్త్రీ అయింది. చివర్లో ఉరి తీయబడే పన్నెండు మంది బానిస స్త్రీలని పాత అనువాదకులు కులటలని తిట్టిన చోట, మూలంలో ఆ తిట్టు లేదని చూపించింది. అంటే స్త్రీవాద పఠనం ప్రాచీనాన్ని పాడు చెయ్యలేదు, మూలానికి దగ్గర చేసింది. మనకి నాగరత్నమ్మ 1910లోనే చేసి చూపించిన పని ఇది. వదిలేసిన పద్యాల్ని మళ్ళీ పాఠంలోకి తెచ్చింది ఆమె. పరిష్కరణ అన్న మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇప్పుడు అసలు సమస్యకి వస్తాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి వేల కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి, పత్తి తియ్యడానికి పోతాయి. మేం దాన్ని 'సుగ్గికి పోవడం' అంటాం. సరిహద్దు అవతలి కన్నడ నుంచి వచ్చిన మాట, కోతల కాలం అని అర్థం. ఇళ్ళకి తాళాలు పడతాయి. ముసలివాళ్ళూ, చిన్నపిల్లలూ మిగులుతారు, ఒక్కోసారి పిల్లలూ పోతారు. ఉగాదికి అటూ ఇటూగా తిరిగొస్తారు. మార్చి 8 మహిళా దినోత్సవం, మార్చి 13 మొల్ల జయంతి. స్త్రీలని తలుచుకోవడానికి మనకున్న రెండు రోజులూ మా ప్రాంతపు ఆడపిల్లలు మిరప చేలల్లో ఉన్న రోజుల్లోనే పడతాయి. ఎవరి కోసం సభ పెడుతున్నామో వాళ్ళ కుర్చీలు ఖాళీ. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. తేదీ వేసినవాళ్ళ లెక్కలో సుగ్గి లేదు, అంతే.

ఎమ్మిగనూరు సంగతీ అంతే. మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం పేరు చరిత్రలో ఉంది, ఉండాలి కూడా. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, ఆసు పోసేది ఇంటి ఆడవాళ్ళు. కండె లేకుండా నాడె కదలదు. అయినా 'నేతగత్తె' అన్న మాట మన నోటికి తేలిగ్గా రాదు. అచ్చమాంబ, నాగరత్నమ్మ చేసిన పని కూడా సాహిత్యంలో కండెలు చుట్టిన పనే. వాళ్ళు సేకరించి, పరిష్కరించి, నిలబెట్టిన దారంతో చరిత్రకారులు నేశారు.

కాబట్టి క్యాలెండర్లో ఇంకో నాలుగు ఆడపేర్లు చేరిస్తే సరిపోతుందని నేను అనుకోవడం లేదు. చెయ్యవలసిన పనులు వేరే ఉన్నాయి. తేదీ తెలియని చోట తెలియదని రాద్దాం, ఎందుకు తెలియకుండా పోయిందో రాద్దాం. అదీ చరిత్రే. ఉన్న తిథుల్ని కొత్తగా చదువుదాం. పుష్య బహుళ పంచమిన త్యాగరాజ కీర్తనలతో పాటు ముద్దుపళని పద్యాలు ఎందుకు చదవకూడదు? ఆ రెండూ ఒకే స్త్రీ కాపాడినవి. శ్రావణంలో ఆరాధన గురించి రాసేవాళ్ళు సరస్వతి బావి గురించి కూడా ఒక పేరా రాయొచ్చు. ఎర్రగుడికి విద్యార్థుల్ని తీసుకుపోయే అధ్యాపకులు తొమ్మిదో శాసనం దగ్గర ఆగి, దాని గురించి ఆడపిల్లల అభిప్రాయం అడగొచ్చు.

ఇక మొల్ల. ఆమె పుట్టినరోజు ఎవరికీ తెలీదు కాబట్టి మనకి ఒక స్వేచ్ఛ ఉంది. మార్చి 13 సభలు జరగనివ్వండి. మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో మాత్రం ఇంకొక రోజు పెట్టుకుందాం. సుగ్గికి పోయినవాళ్ళు తిరిగొచ్చాక, ఏరువాక ఇంకా మొదలవకముందు వచ్చే తీరిక రోజుల్లో. దండలూ, ఉపన్యాసాలూ అక్కర్లేదు. ఆమె రామాయణం నాలుగు ప్రతులు తెచ్చుకుని, వచ్చిన అమ్మాయిల చేత గట్టిగా చదివిద్దాం. చదవడం రాని అవ్వలు వింటారు. వాళ్ళు ఏ పద్యం దగ్గర నవ్వారో, ఏ పద్యం దగ్గర 'మళ్ళీ చదువు' అన్నారో ఎవరైనా ఒకరు రాసిపెడితే, మొల్ల మీద రావలసిన కొత్త విమర్శ అక్కడి నుంచి మొదలవుతుంది.